పెద్దమ్మ నలుపు, నా తెల్ల అక్షరాలు

ఆ రోజుల్లో నాకు మూడు ఆస్తులుండేవి: ఇరవై నాలుగేళ్ళ వయసు, ఇరవై ఎనిమిది అంగుళాల నడుము, లోకంలో నాకు తెలియని విద్య లేదన్న నమ్మకం. మొదటి రెండూ ఎప్పుడు జారిపోయాయో గమనించలేదు గానీ, మూడోది మాత్రం ఒక ఆడినెలలో (అరవ లెక్కలో ఆషాఢం), శ్రీకాళహస్తిలో మా పెద్దమ్మ వాకిట్లో, పాలవాసన కొట్టే గుడ్డల మధ్య ఊడిపోయిందని కచ్చితంగా చెప్పగలను. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు ఈ కథ చెబితే నవ్వుతారు. నవ్వనీ. నలుగురు ఆడవాళ్ళ జీవనాధారాన్ని భుజాన వేసుకుని నాశనం చేయబోయిన మొనగాణ్ణి చూసి నవ్వకపోతే ఇంకెవరిని చూసి నవ్వుతారు?

అప్పుడు నేను తిరుపతిలో, ఒక టిఫిన్ సెంటర్ మీద వేసిన రేకుల గదిలో ఉద్యోగం చేసేవాణ్ణి. కింద పెనం మీద దోసె తిప్పితే పైన మా కుర్చీలు వేడెక్కేవి. ఆఫీసులో ఒక ఏసీ ఉండేది. అది చల్లబరచేది కాదు గానీ, దాని చప్పుడుకు రేణిగుంటలో దిగాల్సిన విమానాలు ఒక చుట్టు ఎక్కువ తిరిగేవని చెప్పుకునేవారు (చెప్పుకునేది నేనే). మా పని వెబ్‌సైట్లు తయారుచేయడం, ఆ తరవాత వాటిని పైకి ఎక్కించడం. అంటే, ఎవరైనా కంప్యూటర్లో ఒక మాట కొట్టి వెతికితే మన సైటు మొదటి పేజీలో, వీలైతే మొదటి వరసలో కనబడేలా చూడటం. దీన్ని ఎస్‌ఈఓ అంటారు. మోకాళ్ళ పర్వతం మెట్లు ఎక్కినవాడికి కూడా ఈ ఎక్కుడు కష్టమే. అక్కడ గోవిందా అంటే కొండే కాస్త దిగివస్తుందంటారు. ఇక్కడ ఎవరి పేరు తలవాలో కూడా తెలియదు.

మా యజమానిని అందరూ కేకల మామ అనేవాళ్ళు. అంతకుముందు ఆయన బస్టాండు బయట ప్రైవేటు వ్యాన్లకు జనాన్ని పిలిచేవాడు. "కాణిపాకం, కాళహస్తి, తిరుత్తణి, కంచీ!" అని ఆయన ఒక్క కేక వేస్తే కొండమీద గుండు గీయించుకుంటున్నవాడు కూడా సగం గుండుతో దిగివచ్చేవాడట. గొంతు పోయాక కంప్యూటర్లలోకి వచ్చాడు. ఆయన సిద్ధాంతం మాత్రం మారలేదు.

"సూడల్లుడూ," అనేవాడు, "మనిషి కాణిపాకం పోదామని వస్తాడు. నువ్వు కంచి అని కేకేస్తివా, ఓహో అదొకటి ఉండాది కదా అని తిరిగి సూస్తాడు. ఏ పేరుకు ఎవుడు తిరుగుతాడో దేవుడికే తెలీదు. అందుకని అన్ని పేర్లూ కేకెయ్యాల. వెబ్‌సైటూ అంతే."

"వ్యాన్ మాత్రం ఒక ఊరికే కదా మామా పోయేది?"

"ఎక్కినాక కదప్పా ఆ సంగతి తెలిసేది!"

నాకు ఇది మహావాక్యంలా వినిపించింది. గోడమీద రాసి పెట్టుకోలేదు గానీ, గుండెలో రాసుకున్నాను.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేది. అచ్చులు కొట్టే పని కాదు. వెదురుపుల్ల చివర గుడ్డపేలిక చుట్టి, ఆ కలంతో చేత్తో గీసే పని. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడితే రంగు పాకదట. (రంగు పాకదు సరే, ఈగలు పాకుతాయి. చుట్టుపక్కల మూడు వీధుల పిల్లులు మా పెద్దమ్మ ఇంటి ముందు ప్రతి ఉదయం సభ పెట్టేవి.) గీతలకు వాడే నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనపముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి కుండకు మూతకట్టి ఇరవై దినాలు ఊరబెట్టేది. ఆ కుండ మూత తీసిన రోజు ఊళ్ళోకి వచ్చిన యాత్రికులు గ్రహదోషం అప్పుడే మొదలైందనుకునేవాళ్ళు. ఆమె దగ్గర నలుగురు ఆడవాళ్ళు పనిచేసేవారు. వాళ్ళకు పెద్ద గీతల అక్క. ఆమె చెయ్యి కదిలితే ఏనుగు తొండం ఒక్క గీతలో వచ్చేది. నోరు కదిలితే ఎదుటివాడికి ఒక్క మాటలో చెమట వచ్చేది.

ఆ ఏడు చెన్నైలో మా పెద్దమ్మ గుడ్డలన్నీ కొనే అంగడాయన మిల్లులో అచ్చేసిన గుడ్డలకు మారిపోయాడు. ఆర్డర్లు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే సూళ్లూరుపేట వైపు ఒక చెప్పుల కంపెనీ వాళ్ళు మనుషుల్ని తీసుకుంటున్నారు. పొద్దున ఆరుగంటలకు వీధి చివరికే బస్సు వస్తుంది. నలుగురూ పేర్లు ఇచ్చి వచ్చారు. అయితే అది ఆడి నెల మొదటివారం. మావైపు ఆడిలో పెళ్ళి చెయ్యరు, ఇల్లు మారరు, కొత్త పనిలో చేరరు. కాబట్టి చేరడం ఆ తరవాతి నెల, ఆవణి, ఒకటో తేదీన అని చెప్పి వచ్చారు. ఆ నలుగురూ పోతే పెద్దమ్మ ఒక్కతే కుండ ముందు కూర్చోవాలి. ఆమె అత్తగారి కాలంనుంచి ఉన్న పని అక్కడితో సరి.

ఈ సంగతి ఒక ఆదివారం ఆమె పెట్టిన సంగటి తింటుంటే విన్నాను. రాగిసంగటిలో ఏం శక్తి ఉంటుందో ఏమో, ముద్ద మింగిన మరుక్షణం లేచి నిలబడి ప్రతిజ్ఞ చేశాను. "పెద్దమ్మా, నీకొక వెబ్‌సైటు కడతా. ఆడి పోయేలోపల మొదటి పేజీకి తెస్తా. తేలేదనుకో, మీసం తీసేస్తా!"

గీతల అక్క కలం పక్కన పెట్టి నా మొహం దగ్గరికి వచ్చి చూసింది. "మీసమా? యాడుండాది తమ్ముడూ?" (పద్నాలుగు వెంట్రుకలుండేవి. వెలుతురు కుడివైపు నుంచి పడితే పద్దెనిమిది.)

పెద్దమ్మ అడ్డుపడింది. "ఆడినెల్లో కొత్త అంగడి తెరవరాదురా అబ్బోడా."

"ఇది అంగడి కాదు పెద్దమ్మా. దీనికి వాకిలి లేదు, గడప లేదు, తాళం లేదు."

"వాకిలే లేకపోతే కొనేవాళ్ళు యాడనించి వస్తార్రా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఆ నెలాఖరుకు గానీ తెలియలేదు.

మర్నాటినుంచి నేను పని మొదలుపెట్టిన తీరు చూసి ఉంటే భగీరథుడు సిగ్గుపడి గంగను వెనక్కి పంపేసేవాడు. నాలుగు రోజుల్లో సైటు కట్టాను. కలంకారీ అన్న మాటను మొదటి పేజీలో నూట ముప్పైసార్లు వాడాను. "మా కలంకారీ కలంకారీలలోకెల్లా అసలైన కలంకారీ గల కలంకారీ" అన్న వాక్యం నాదే. బొమ్మలు తీసే తీరిక లేక, ఎక్కడో దొరికిన రాజస్థాన్ దుప్పటి ఫొటో పెట్టాను. ఇక కేకల మామ సిద్ధాంతం. శ్రీకాళహస్తికి సంబంధించి జనం ఏమేం వెతుకుతారు? రాహుకేతు పూజ సమయాలు, రూములు, బస్సులు, రైళ్ళు. ఆ మాటలన్నీ, చుట్టుపక్కల నూటపది ఊళ్ళ పేర్లతో సహా, పేజీ అడుగున రాశాను. చదివేవాళ్ళకు అడ్డం రాకుండా తెల్లటి పేజీమీద తెల్లటి అక్షరాలతో రాశాను. మనిషికి కనబడదు, వెతికే యంత్రానికి కనబడుతుంది. నేను కనిపెట్టిన ఉపాయమే అనుకుని ఆ రోజు కింద టిఫిన్ సెంటర్లో రెండు వడలు ఎక్కువ తిన్నాను. (అప్పటికే ప్రపంచంలో మోసగాళ్ళందరూ అది వాడి, పట్టుబడి, మానేశారని తరవాత తెలిసింది.)

అది చాలదని లింకులు. ఇతర సైట్లు మన సైటును చూపిస్తే మనకు పలుకుబడి అని ఎక్కడో చదివాను. బోర్లు వేసే లారీవాళ్ళు, అరటికాయల మండీ, పళ్ళసెట్లు కట్టే డాక్టరు, రెండో పెళ్ళి సంబంధాల సంస్థ, ఎవరు దొరికితే వాళ్ళతో లింకులు మార్చుకున్నాను. ఊరూ పేరూ తెలియని బ్లాగుల కింద వ్యాఖ్యలు రాశాను. ఏదో చలిదేశంలో ఒక ముసలామె తన కుక్క చచ్చిపోయిందని కన్నీళ్ళతో రాసుకుంటే, దాని కింద "చాలా బాగుంది, ఇలాంటివే మరిన్ని రాయండి, కలంకారీ దుప్పట్ల కోసం మమ్మల్ని సంప్రదించండి" అని ఇంగ్లీషులో రాసిన పాపం నన్ను ఇప్పటికీ నిద్రలో కుక్కరూపంలో తరుముతుంది. అలా రెండువారాల్లో నాలుగువందల లింకులు. ఆ మధ్య ఒక సాయంత్రం రాకెట్ ఎగిరిందని తిరుపతి అంతా మిద్దెలెక్కి చూస్తే నేను తలెత్తలేదు. చివరికి కుడి మణికట్టు పట్టేసి, చెంచా పట్టుకోలేని స్థితి వచ్చింది. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు వెళ్ళాను. కట్టు కట్టే పెద్దాయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ చెట్టుమింద నించి పడినావప్పా?" అన్నాడు.

"చెట్టు కాదు సామీ, లింకులు."

"కొత్తరకం చెట్టేమో," అని ఆయన తనలో తాను అనుకుని, మోచేతిదాకా ఆకుపసరు పట్టించి వెదురు దబ్బలు వేసి కట్టేశాడు. నేను ఎడమచేత్తో ఇంకో అరవై లింకులు సంపాదించాను. అంతటి పట్టుదల.

పద్దెనిమిదో రోజున ఫలితం వచ్చింది. "శ్రీకాళహస్తి పుత్తూరు బస్సు" అని కొట్టి చూద్దును కదా, మొదటి పేజీ, మూడో వరస, మా పెద్దమ్మ కలంకారీ! "రాహుకేతు పూజ రూము" అని కొడితే రెండో వరస! కట్టు కట్టిన చెయ్యి గాల్లోకి లేపి నేను పెట్టిన కేకకు కేకల మామ కళ్ళు తుడుచుకున్నాడు. "నా గొంతు నీకొచ్చిందల్లుడూ," అన్నాడు. "కలంకారీ" అని కొడితే మాత్రం మా సైటు పదిహేడో పేజీలో, ఆ పళ్ళసెట్ల డాక్టరు కింద ఉంది. ఆ చిన్న లోపాన్ని మేమిద్దరమూ పెద్దమనసుతో క్షమించాం.

ఆ శనివారం కాళహస్తి వెళితే పెద్దమ్మ వాకిట్లో దృశ్యం ఇదీ. పెద్దమ్మ రెండు చేతులూ మోచేతులదాకా కరక్కాయ పాలలో ఉన్నాయి. సెల్‌ఫోన్ స్తంభానికి పురికొసతో కట్టి ఉంది. గీతల అక్క ఎడమచేత్తో మీట నొక్కుతోంది, కుడిచేత్తో నందికి గంటలు గీస్తోంది. ఫోన్ గట్టిగా మాట్లాడుతోంది.

"హలో, రూములు ఉన్నాయాండీ? ఏసీదా, మామూలుదా?"

"రూములు లేవు నాయనా, మాది గుడ్డలేసే ఇల్లు. ఎంతమంది వస్తా ఉండారు? పిల్లోళ్ళు ఉండారా? గుడికాడ నించి వస్తే ఎడమపక్క సత్రం ఉండాది, ఆడ అడగండి. పొద్దున్నే రాండి, ఎండెక్కినాక బండలు కాలిపోతాయి."

ఫోన్ పెట్టగానే మళ్ళీ మోగింది. ఈసారి అరవం. పెద్దమ్మ అరవంలో పుత్తూరు బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏ పక్క కూర్చుంటే ఎండ పడదో చెప్పింది. ఆ తరవాత కన్నడం. ఆమెకు కన్నడం రాదు, అయినా చెప్పింది, అవతలివాళ్ళకు అర్థమైంది కూడా.

గీతల అక్క నన్ను చూసి రెండు చేతులూ జోడించింది. "రా సామీ రా! దినానికి నూరు ఫోన్లు. నాకు ఇప్పుడు గొలుసుగీత కంటే బస్సుల టైములు బాగా వస్తాయి. నిన్న ఒకాయన రిక్షాలో దిగినాడు, ఎంక్వైరీ ఆఫీసు ఇదేనా అని. మీ పెద్దమ్మ కూసోబెట్టి మజ్జిగిచ్చింది!"

"గుడ్డలు అడిగిందెవరూ లేరా?" అన్నాను నీరసంగా.

"ఒకాయన అడిగినాడు. రాజస్థాన్ దుప్పటి కావాలంట."

పెద్దమ్మ చేతులు తుడుచుకుని నా పక్కన కూర్చుంది. "ఏమిరా చేసినావు? వాళ్ళంతా మన సైటులో సూసినామంటారు. బస్సుల మాట మనం యాడ రాసినాం?"

ఒప్పుకోక తప్పలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, పేజీ అడుగున ఖాళీగా కనబడే తెల్లటి జాగాను ఎలుకతో గీరి, రంగు మార్చి చూపించాను. నూటపది ఊళ్ళు, పూజలు, రూములు, బస్సులు చీమలబారులా బయటపడ్డాయి. పెద్దమ్మ మూతకట్టిన కుండవైపు చూసింది.

"గీత కనపడాలని నేను ఇరవై దినాలు ఇనుము ఊరబెడతా. కనపడకుండా రాసేదానికి నీకు ఇంత చదువెందుకురా? చెప్పేదుంటే నల్లగా చెప్పు. దాపెట్టి రాసేదానికి మనమేం దొంగతనం చేస్తా ఉండామా?"

తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు. సంగటి పెట్టింది.

దేవుడికి కూడా ఆమె మాటే నచ్చినట్టుంది. మూడోరోజు పొద్దున చూస్తే మా సైటు మాయం. పుత్తూరు బస్సు దగ్గర లేదు, పూజ దగ్గర లేదు, ఆఖరికి పెద్దమ్మ ఇంటిపేరు, వీధిపేరు, తలుపు నెంబరు కొట్టినా లేదు. వెతికే యంత్రం మమ్మల్ని తన లోకంలోంచి వెలివేసింది. కేకల మామ తల గోక్కుని, "పోలీసోళ్ళు వచ్చినప్పుడు వ్యాన్ పక్క సందులో పెడతాం కదా, అట్లాంటిదేమో, రెండు దినాలు ఆగు," అన్నాడు. ఆడి అయిపోవడానికి వారం రోజులే ఉంది. నాకు ఆగే ఓపిక లేదు. సైటు మొత్తం కూల్చేశాను. తెల్ల అక్షరాలు తీసేశాను. నూట ముప్పై కలంకారీలను తొమ్మిదికి దించాను. లింకుల వాళ్ళందరికీ తీసేయమని ఉత్తరాలు రాశాను (రెండో పెళ్ళివాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు, నా సంబంధం కూడా వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు). వెతికే యంత్రం వాళ్ళకు తప్పు ఒప్పుకుంటూ ఒక అర్జీ పెట్టాను. ఆ అర్జీ చదివితే ఉరిశిక్ష పడ్డవాడికి కూడా క్షమాభిక్ష దొరికేది. నాకు జవాబు కూడా రాలేదు.

తరవాత సెలవు పెట్టి పెద్దమ్మ వాకిట్లో తిష్ఠవేశాను. సైటు మాయమైనా ఫోన్లు ఆగలేదు. ఎందుకని ఆరా తీస్తే, ఎవరో యాత్రికుడు తన బ్లాగులో, "దారి తెలియకపోతే ఈ నెంబరుకు చేయండి, ఒక అమ్మ ఓపిగ్గా చెబుతారు, వాళ్ళు కలంకారీ వేస్తారు," అని రాసి మా సైటు లింకు ఇచ్చాడు. నేను అడుక్కున్న నాలుగువందల అరవై లింకులూ గోదాట్లో కలిశాయి. అడక్కుండా వచ్చింది ఈ ఒక్కటి. అది చదివి నేను గుడ్డలు ఆరేసిన తాడు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. (ఆ తాడు తెగి మూడు గుడ్డలు పిల్లుల మీద పడ్డాయి. అది వేరే కథ.)

ఫోన్లో దారి అడిగినవాళ్ళలో కొందరు దర్శనమయ్యాక చూసిపోదామని వచ్చేవారు. వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను. పాలవాసన ఎప్పుడు పోతుంది? ఎట్లా ఉతకాలి? అచ్చేసిందో చేత్తో గీసిందో ఎట్లా తెలుసుకోవాలి? పెద్దమ్మ చెప్పిన జవాబు ఆమె మాటల్లోనే పెట్టాను. "రెండు ఉతుకులకు వాసన పోతాది. పోకపోతే నీడలో ఆరెయ్యండి, పిల్లిని మాత్రం దూరం పెట్టండి." రాజస్థాన్ దుప్పటి తీసేసి గీతల అక్క చేతుల ఫొటో పెట్టాను. "గోళ్ళు నల్లగా ఉండాయి, కడుక్కొస్తా ఉండు," అంటే వద్దన్నాను. పెద్దమ్మ పట్టుబట్టి బస్సుల వివరాలకు కూడా ఒక పేజీ రాయించింది, నల్లటి అక్షరాలతో. ఫలానా వైపు ఎండ పడుతుందన్న సంగతితో సహా.

ఆడి ఇంకా రెండు రోజులుందనగా హోసూరునుంచి ఒకామె వచ్చింది. ముందువారం బస్సు కోసం ఫోన్ చేసిన మనిషే. తెలుగే, కొంచెం అరవం వాసనతో. "ఎడమపక్క కూర్చోమని చెప్పిన అమ్మ మీరేనా?" అంటూ లోపలికి వచ్చి, గోడకు వేలాడుతున్న పార్వతీ కల్యాణం గుడ్డ ముందు నిలబడిపోయింది. వాళ్ళు కొత్తగా కల్యాణ మంటపం కట్టారట. గోడలకు పద్దెనిమిది పెద్ద గుడ్డలు కావాలట. మా నలుగురికీ ఏడాది పని!

"రంగు పోదు కదమ్మా?" అని అడిగింది.

పెద్దమ్మ తొణకలేదు. "నలుపు పోదు. ఎరుపు నిలుస్తాది. పసుపు మొదటి ఉతుకులో కొంచెం ఇడుస్తాది. నీలం ఎండ తగిలితే పాలిపోతాది, కిటికీకి ఎదురుగా కట్టొద్దు."

ఆమె నవ్వింది. "ముగ్గుర్ని అడిగినాను. ముగ్గురూ ఏదీ పోదన్నారు. మీదే ఖాయం చేద్దాం. కానీ ఇది ఆడి. నోటితో కూడా ఆర్డరు చెప్పను. ఆవణి ఒకటో తేదీ పొద్దున్నే, ఆరుగంటలకు ముందే ఫోన్ చేస్తాను," అని వెళ్ళిపోయింది.

ఆరుగంటలకు కంపెనీ బస్సు. ఏ ఆచారం మాకు నెలరోజులు గడువు ఇచ్చిందో, అదే ఆచారం ఆ ఆర్డరును గడువు చివరి నిమిషందాకా లాక్కెళ్ళింది.

ఆవణి ఒకటి. అయిదున్నరకే నలుగురూ తలస్నానాలు చేసి, చేతిలో అన్నం క్యారియర్లతో వచ్చి కూర్చున్నారు. గీతల అక్క మాటామంతీ లేకుండా కలం చివరి దారం విప్పి మళ్ళీ కడుతోంది. అయిదూ నలభైకి ఫోన్ మోగింది. అందరం లేచాం.

"హలో, వేలూరు పోయే బస్సు ఎన్నింటికండీ?"

పెద్దమ్మ చెప్పింది. పెట్టగానే ఇంకొకటి, రైలు గురించి. ఆ తరవాత మూడోది, ఎవరో ఆడమనిషి. అయిదూ యాభైయెనిమిది. వీధి చివర బస్సు హారన్ మోగింది. ఫోన్లో ఆమెకు ఎంత చెప్పినా అర్థం కావడం లేదు. వెనక పసిబిడ్డ ఏడుస్తోంది. నా తెల్ల అక్షరాలు పిలుచుకొచ్చిన జనం ఆ ఒక్క గొంతుకు అడ్డంగా నిలబడ్డారని అప్పుడు నాకు అర్థమైంది. "పెట్టెయ్ పెద్దమ్మా! హోసూరామె చేస్తా ఉంటుంది, లైను దొరకదు!" అన్నాను ఏడుపు గొంతుతో.

పెద్దమ్మ నావైపు చూడనైనా చూడలేదు. "బిడ్డతో ఉండావు కదా తల్లీ, నిదానంగా యిను. ముందు రేణిగుంటలో దిగు..." అని మొదటినుంచీ మళ్ళీ మొదలుపెట్టింది. హారన్ రెండోసారి మోగింది. నలుగురూ చెప్పులు వేసుకున్నారు. నలుగురిలో చిన్నది గడప దాటి వెళ్ళిపోయింది. గీతల అక్క గడపమీద ఒక కాలు పెట్టి నిలబడింది.

ఫోన్ పెట్టీ పెట్టకముందే మోగింది.

"ఏందమ్మా, పావుగంటనించి చేస్తా ఉండాను, లైను బిజీ!" హోసూరు గొంతు. "ఎవరికో బస్సు చెప్తా ఉంటారని అనుకున్నా. నాకు చెప్పినట్టే. సరే, ఇప్పుడు ఆవణి. పద్దెనిమిదీ మొదలుపెట్టండి. నీలం గుడ్డలు కిటికీకి ఎదురుగా కట్టను లెండి."

గీతల అక్క గడపమీది కాలు వెనక్కి తీసుకుంది. క్యారియర్ మూలన పెట్టింది. బస్సు వెళ్ళిపోయిన చప్పుడు వినబడ్డాక నావైపు తిరిగి, "అవునప్పా, మొదటి పేజీ అన్నావే, అది యాడుండాది?" అంది. ఆ మధ్యాహ్నం పద్నాలుగు వెంట్రుకలూ నేలరాలాయి. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

సైటు మళ్ళీ కనబడటానికి మూడు నెలలు పట్టింది. మెల్లగా, నల్లగా, పెద్దమ్మ కుండలో ఇనుము ఊరినట్టు ఊరి, ఏడాదికి "కలంకారీ ఎట్లా ఉతకాలి" అన్నదానికి మొదటి పేజీకి వచ్చింది. ఇప్పుడు తిరుపతిలో నాకే ఒక ఆఫీసు ఉంది (ఏసీ చప్పుడు చెయ్యదు, అసలు పనే చెయ్యదు). లాడ్జీల వాళ్ళు, నర్సరీల వాళ్ళు వచ్చి, పదిరోజుల్లో మొదటి పేజీ కావాలంటారు. మీ అంగడికి వచ్చినవాళ్ళు రోజూ ఏమడుగుతారో రాసుకు రండి అంటాను. మీ ఫొటోలు మీరే తీయండి, ఫోన్లో పేజీ చప్పున తెరుచుకోవాలి, ఏది పోతుందో ఏది నిలుస్తుందో నిజం చెప్పండి అంటాను. కొందరు ఇంకో ఆఫీసు చూసుకుంటారు. మొన్నొక రోజు, ఈ కాలపు యంత్రం అడగ్గానే తనే జవాబు చెబుతుంది కదా, దాన్ని పాలవాసన సంగతి అడిగాను. పెద్ద పండితుడిలా జవాబు చెప్పి, చివరన, పిల్లిని దూరంగా ఉంచండి, అంది. ఆఫీసులో ఒక్కణ్ణే పగలబడి నవ్వాను.

వెంటనే ఆ పాత నెంబరుకు ఫోన్ చేసి, గొంతు మార్చి, "పుత్తూరు బస్సు ఎన్నింటికమ్మా?" అన్నాను. ఎనభై దాటిన గొంతు టైము చెప్పింది, ఎండ ఏవైపు పడుతుందో చెప్పింది. ఆ తరవాత, "పుత్తూరు ఎందుకురా అబ్బోడా, మళ్ళా చెయ్యి పట్టేసిందా?" అంది.

ఈమధ్య నా తల ముగ్గుబుట్టలా అయిందని, కాస్త నల్లరంగు వేసుకోమని మా ఆవిడ పోరుపెడుతోంది. ఆ మాట కూడా చెప్పాను. పెద్దమ్మ వెనక గీతల అక్క నవ్వు వినబడింది. "ఈడ కుండ ఊరతా ఉండాది, రమ్మను. పూస్తే సచ్చిందాకా పోదు!" అని. వద్దులే అన్నాను. ఒకప్పుడు తెల్లటివాటిని ఎవరికీ కనబడకుండా దాచబోయి నలుగురి బతుకులమీదికి తెచ్చినవాణ్ణి. ఈ తెలుపునైనా కనబడనిద్దాం.